రాత్రి పడక ఎక్కడ?

డబ్బు దగ్గర మొదలైంది మా తగాదా. మా తమ్ముడు ఎక్సెల్ షీటు తెరిచి, మాల్దీవుల్లో సఫారీ బోటెక్కితే రోజుకి ఎంత, ద్వీపంలో గెస్ట్‌హౌస్‌లో దిగితే రోజుకి ఎంత, ఒక్కో డైవ్‌కి ఎంత పడుతుంది అని పైసలతో సహా తేల్చాడు. "అక్కా, నువ్వు ఫిజిక్స్ చెబుతావు కదా, అంకెలు నువ్వే చూసుకో. బోట్లో రోజుకి మూడు డైవ్‌లు, తిండి, పడక అన్నీ కలిపే. గెస్ట్‌హౌస్‌లో ప్రతిదానికీ విడిగా కట్టాలి" అన్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు. కానీ సముద్రాన్ని వాడు కిలోల లెక్కన కొంటున్నాడనిపించింది నాకు.

మేమిద్దరం డైవింగ్ నేర్చుకున్నది అండమాన్‌లో, హేవ్‌లాక్‌లో. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు గాని డైవింగ్ వాళ్ల నోట ఇంకా పాత పేరే. నీమో రీఫ్ దగ్గర ట్యాంకు వీపున వేసుకుని ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగిపోయేవాళ్లం. పోర్ట్ బ్లెయిర్ బజార్లో శ్రీకాకుళం యాస వినిపిస్తుంటే సముద్రం దాటి వచ్చామన్న సంగతే గుర్తుండేది కాదు. అక్కడ బోటులోనే రోజుల తరబడి బస చేసే డైవింగ్ యాత్రలు అరుదు. కాబట్టి బోటా, ఒడ్డా అన్న ప్రశ్న ఎప్పుడూ రాలేదు. మాల్దీవుల్లో రెండూ దొరుకుతాయి. మాలాంటి జీతగాళ్లకి ద్వీపం దారి తెరుచుకున్నది 2009 తర్వాతే. జనం కాపురాలున్న ద్వీపాల్లో గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది అప్పుడే. అంతకుముందు రిసార్టో, సఫారీ బోటో.

పెద్దదాన్ని కాబట్టి మొదటిసారి నా మాట నెగ్గింది. దక్షిణ ఆరి అటోల్‌లోని దిగురాకి వెళ్లాం. మాలే నుంచి స్పీడ్‌బోటులో రెండు గంటల ప్రయాణం. దాదాపు మూడు కిలోమీటర్ల పొడుగున్న సన్నటి ద్వీపం. ఈ చివర ఊరు, ఆ చివర ఇసుక తిన్నె, మధ్యలో కొబ్బరి చెట్లు. వీధులన్నీ తెల్లటి పగడపు ఇసుకే. మద్యం దొరకదు, ఈత దుస్తులతో తిరగడానికి ఒక తీరం విడిగా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా ఊళ్లో ఏ పనీ కదలదు, డైవింగ్ బోటు కూడా. మా తమ్ముడు ఆ పూటని దండగ పద్దులో రాసుకున్నాడు. నేను ఊరంతా నడిచాను.

ఆ నడకలోనే బడి దగ్గర ఒకాయన మా మాటలు విని ఆగిపోయారు. పార్వతీపురం వైపు ఊరట, ఇక్కడ లెక్కల మాస్టారు. మాల్దీవుల బళ్లలో మన దేశపు టీచర్లు చాలామందే ఉన్నారు. "మీరు నీళ్ల అడుక్కి వెళ్తున్నారా? నేనిక్కడికొచ్చి ఇన్నేళ్లయింది గాని మోకాలి లోతు దాటలేదండీ" అన్నారు. రాత్రికి వాళ్లింట్లో కంది పచ్చడీ, ఉల్లిపాయ పులుసూ. బోటులో ఇది దొరికేదా అని తమ్ముడి వైపు చూశాను. వాడు తల పైకెత్తలేదు, తింటున్నాడు.

ఒడ్డు బతుకు ఒక క్రమంలో సాగుతుంది. పొద్దున్నే మాస్ హునీ: ఉడికించిన సూర చేప, కొబ్బరి తురుము, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి రొట్టెతో పెడతారు. ఎనిమిదిన్నరకి బోటు. రెండు డైవ్‌లు చేసి, భోజనాల వేళకి తిరిగి ఇంటికి. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ రోజు గాలిని బట్టి, ఆ రోజు వచ్చిన మనుషుల్లో అందరికంటే కొత్తవాళ్లని బట్టి డైవింగ్ సెంటరు వాళ్లు తేలుస్తారు. అందుకని ఆ వారంలో కుడారా తిలాకి మళ్లీ మళ్లీ వెళ్లాం. తిలా అంటే నీటిపైకి రాకుండా లోపలే ఆగిపోయిన పగడపు గుట్ట. ఇది చిన్నది, ఒక ట్యాంకు గాలితో చుట్టూ తిరిగి రావచ్చు. మొదటి రోజు ప్రవాహం విసురుకి గుట్ట చాటున నక్కి, పసుపు ఒంటి మీద నీలి చారలున్న స్నాపర్ల గుంపు గోడలా నిలబడి ఉండటం మాత్రమే చూశాను. తర్వాత వెళ్లినప్పుడు నీళ్లు మెతకగా ఉన్నాయి. గైడు ఒక పగులు దగ్గర చిటికెన వేలు చూపించాడు. పాముచేప నోరు తెరిచి ఉంది, పళ్ల మధ్య ఎర్రటి రొయ్య ఒకటి శుభ్రం చేస్తూ తిరుగుతోంది. ఆపైన వెళ్లినప్పుడు గైడుతో పని లేకుండా నేనే ఆ పగులు వెతుక్కున్నాను. పక్కనే ఎండుటాకులా ఊగుతున్న లీఫ్ ఫిష్ కూడా కనిపించింది. అది మొదటి రోజూ అక్కడే ఉండి ఉంటుంది.

ద్వీపానికి దగ్గరి రీఫ్ మీద కొన్నిచోట్ల పగడాలు బల్లల ఆకారంలోనే చచ్చిపడి ఉన్నాయి. 2016లో నీళ్లు వేడెక్కినప్పుడు మాల్దీవుల పగడాల్లో సగానికి పైగా రంగు పోయి పాలిపోయాయి. 1998లో అంతకంటే ఘోరం జరిగింది. ఆ శిథిలాల మీద అరచేయంత కొత్త మొలకల్ని మా గైడు ఒక్కొక్కటే చూపించేవాడు. పుట్టి పెరిగిన ఊరి రీఫ్ కదా, ఏది ఎప్పుడు మొలిచిందో కూడా చెప్పేవాడు. ఇలాంటిది రోజుకో అటోల్ మారే బోటు గైడు దగ్గర ఆశించలేం.

వేల్ షార్క్ సంగతి చెప్పాలి. దక్షిణ ఆరి అంచుని 2009లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ తిరిగేవి చాలావరకు ఎదిగీ ఎదగని మగవే. మొప్పల వెనక ఉండే చుక్కల వరసని ఫొటో తీసి ఏది ఏదో గుర్తుపట్టే పరిశోధకుల బృందం దిగురాలోనే ఉంటుంది. మాకు మొదటి రెండు ప్రయత్నాల్లో కనిపించలేదు. తర్వాత కనిపించిన రోజున చుట్టూ బోట్లే బోట్లు. విజిళ్లు, కేకలు, పై నుంచి దబదబా దూకుతున్న జనం. ఆ జీవి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపుకుంటూ వెళ్లిపోయింది. చూశానన్న సంతోషం కంటే ఆ గందరగోళంలో నేనూ ఒకదాన్నన్న చిరాకే ఎక్కువ మిగిలింది. గుంపు చెదిరిపోయాక సాయంత్రం వేళ ఇంకొకటి కనిపించింది. అప్పుడు బోట్లు రెండే. ఒడ్డున ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు ఉంది, ఇవాళ కాకపోతే రేపు.

తమ్ముడి అసంతృప్తి అబద్ధం కాదు. కొత్తగా సర్టిఫికెట్ తీసుకున్న జంట ఒకటి మాతో ఉండేది. వాళ్ల గాలి అరగంటకే అయిపోయేది, గైడు ఒక్కడే కాబట్టి అందరం పైకి రావాల్సి వచ్చేది. "సొరచేపలు వావు అటోల్ కాలవల్లో ఉన్నాయట అక్కా. ఇక్కడ పడుకుని అక్కడి సొరల్ని చూడలేం" అన్నాడు ఆఖరి రాత్రి. ఈ విషయంలో వాడిదే నిజం. ఏ సముద్రం చూస్తామో రాత్రి ఎక్కడ పడుకుంటామో దాన్ని బట్టే ఉంటుంది. పొద్దుట ఆరింటికి కాలవ ముఖం దగ్గర ఉండాలంటే రాత్రి దాని పక్కనే లంగరు వేసుకుని ఉండాలి.

మరుసటి ఫిబ్రవరిలో బోటు. హుల్హుమాలే దగ్గర చిన్న పడవలో తీసుకెళ్లి ఎక్కించారు. మూడంతస్తులు, ఇరవై మంది దాకా ప్రయాణికులు. పక్కనే ఇంకో పడవ, డైవింగ్ ధోనీ. కంప్రెసరు మోత, ట్యాంకులు, తడి దుస్తులు అన్నీ దాని మీదే. మొదటి రోజు సామాను ట్యాంకుకి బిగిస్తే ఆఖరి రోజుదాకా విప్పక్కర్లేదు, బోటువాళ్లే గాలి నింపుతారు. దిగురాలో రోజూ సంచీ మోసి, కడిగి, ఆరేసి భుజాలు నొప్పెట్టిన నాకు ఇది రాజభోగమే.

బ్రీఫింగ్‌లో భోజనాల వేళలు, తువ్వాళ్ల రంగులు చెప్పారు. ప్రశ్నలున్నాయా అంటే నేను చెయ్యెత్తాను. కింది గదుల నుంచి రెండో దారి ఎటు, రాత్రంతా మెలకువగా ఉండేదెవరు, కెమెరా బ్యాటరీలు ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలి. తమ్ముడు సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు లంగరు మీదుండగానే తెల్లవారుజామున తగలబడి 34 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లందరూ అడుగు అంతస్తు పడకల గదిలో ఉన్నవాళ్లే. రాత్రి కాపలా తిరిగే మనిషి లేడు. 2024 నవంబరులో ఎర్ర సముద్రంలో సీ స్టోరీ అనే బోటు మునిగిపోయింది. ఇలాంటి బోటు యాత్రలు ఎంచుకునేవాళ్లు సొరల ఫొటోలు చూస్తారు గాని ఈ మూడు ప్రశ్నలు అడగరు. మా గైడు విసుక్కోలేదు. పడక పైనున్న తలుపు తెరిచి, నన్ను అందులోంచి ఎక్కించి మరీ చూపించాడు. ఛార్జింగ్ బల్ల పై డెక్కు మీద, మనుషులు తిరిగే చోట ఉంది. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

వావు కాలవ గురించి ఎంత చెప్పినా తక్కువే. అటోల్ అంటే పగడపు గట్ల వలయం, మధ్యలో మడుగు, గట్టు మధ్య తెగిన చోట్ల కాలవలు. మాల్దీవుల వాళ్లు కందు అంటారు. సముద్రం నుంచి మడుగులోకి నీళ్లు తోసుకొచ్చే వేళ కాలవ ముఖం దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, సొరలు ఎదురీదుతూ వరసకట్టి నిలబడతాయి. నీళ్లు బయటికి పోయే వేళ మడుగు మురికంతా కొట్టుకొస్తుంది, మనిషిని బయటి సముద్రంలోకి లాగేస్తుంది కూడా. అందుకని వేళ చూసుకోవాలి, ఋతువు కూడా చూసుకోవాలి. చలికాలంలో ఈశాన్యపు గాలికి ప్రవాహం తూర్పు నుంచి పడమరకి సాగుతుంది. అప్పుడు తూర్పు అంచున ఉన్న వావు కాలవల్లోకి బయటి తేట నీరు వస్తుంది. గాలి తిరిగితే అంతా తిరగబడుతుంది.

మియారు కందు దగ్గర తెల్లవారుతుండగా దూకాం. జాకెట్టులో గాలి ముందే తీసేసి దూకమన్నారు. పైన తేలుతూ ఆలస్యం చేస్తే ప్రవాహం ఎటో తీసుకుపోతుంది. సూటిగా ముప్ఫై మీటర్ల దగ్గరికి దిగాం. అక్కడి చట్టం ఒప్పుకునే హద్దు అంతే. కాలవ అంచున చచ్చిన రాతికి కొక్కెం తగిలించి, తాడు పట్టుకుని గాలిపటాల్లా ఎగురుతూ ఉన్నాం. ఎదురుగా నీలం. ఆ నీలంలోంచి బూడిద రంగు సొరలు ఒక్కొక్కటే వచ్చాయి, తోక కూడా కదపకుండా ఆ ప్రవాహంలో ఆగి నిలబడ్డాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి వదిలేశాను. పక్కన తమ్ముడు రెగ్యులేటర్‌లోంచే అరుస్తున్నాడు, బుడగల మధ్య నుంచి 'అక్కా' అన్నది స్పష్టంగా వినిపించింది. తర్వాత గైడు సైగ చేస్తే కొక్కేలు తీసేశాం. కాలవే మమ్మల్ని మడుగులోకి మోసుకుపోయింది. దిగురా నుంచి ఆ వేళకి ఇక్కడికి రావడం ఏ లెక్కన చూసినా కుదరదు.

ఆ రాత్రి అలిమతా దగ్గర నర్సు సొరలు. గైడు పుస్తకాలన్నీ పొగిడే చోటు. నాకు నచ్చలేదు. ఎన్నో బోట్లు, ఇసుక మీద మోకాళ్లూని కూర్చున్న మనుషులు, మొహాల్లో కొట్టే టార్చిలైట్లు, తిండికి అలవాటు పడి మనుషుల్ని ఒరుసుకుంటూ తిరిగే పెద్ద పెద్ద సొరలు. జాతరకి వెళ్లి వచ్చినట్టయింది. బోటు యాత్ర అంటే ఏకాంతం అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మంచి గాలి, మంచి వేళ చూసుకునేది ఒక్క మన బోటే కాదు.

మూడో రోజున తమ్ముడికి చెవి పట్టేసింది. జలుబు లోపల ఎక్కడో దాక్కుని ఉంది. పది మీటర్లు దిగేసరికే ఒత్తిడి రెండింతలు అవుతుంది, చెవి లోపలి గొట్టం తెరుచుకోకపోతే ఇక దిగలేం. గైడు డైవ్‌లు ఆపేయమన్నాడు. ఒడ్డునైతే మాస్టారింటికి పోయి కూర్చునేవాడు, సైకిలేసుకుని తిరిగేవాడు. బోటులో ఎటు పోతాడు? డబ్బు ముందే కట్టేశాం, తిరిగిరాదు. ఎక్సెల్ షీటులో ఈ గడి లేదు.

వాడు పైకెక్కి సరంగు పక్కన కూర్చున్నాడు. మా నాన్న విశాఖ ఫిషింగ్ హార్బరులో ఐసు లెక్కలు రాసేవారు, చిన్నప్పుడు సెలవుల్లో మా ఇద్దరికీ సరంగుల కబుర్లే కాలక్షేపం. బహుశా ఆ అలవాటు వాణ్ణి అటు తీసుకెళ్లి ఉంటుంది. ఈ కెప్టెను ఒకప్పుడు సూర చేపల ధోనీ మీద పనిచేసినవాడట. మాల్దీవుల వాళ్లు సూరని వలతో కాదు, గాలంతో ఒక్కొక్కటే పడతారు. బతికున్న చిన్న చేపల్ని ఎరగా చల్లి, నీళ్లు చిమ్మి, గుంపు పైకి లేవగానే కర్రలతో లాగి వెనక్కి విసురుతారు. హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీలో ఆయన చెబుతుంటే, మేం డైవ్ నుంచి వచ్చేసరికి మా వాడు మాకంటే ఎక్కువ కబుర్లతో ఎదురొచ్చేవాడు. నీళ్ల రంగు ఎక్కడ మారితే అడుగున గుట్ట ఉన్నట్టు, నురగ గీత ఎటు సాగితే ప్రవాహం ఎటు, చీకటి పడ్డాక ఈ పగడాల మధ్య బోటు ఎందుకు కదపరు, అన్నీ.

ఒక సాయంత్రం పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, వీళ్లకీ కార్తెలున్నాయే!" నకై అంటారట. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. అస్సిద, బురును, కేతి, రోను. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి. ఏ నకైలో గాలి ఎటు, చేప ఎటు అన్నది వాళ్ల పెద్దవాళ్లకి నోటికొచ్చు. పడమటి గాలి అస్సిదతో మొదలై, మూల రాగానే ఈశాన్యపు గాలికి చోటిస్తుందట. మా తాత మృగశిర కార్తె చూసి నారు పోసేవాడు. ఇక్కడ అదే లెక్కతో సముద్రంలోకి వెళ్తారు. సొరల కోసం బోటెక్కినవాడు సొరల ఊసే మానేశాడు.

ఉత్తర ఆరిలో ఫెస్దూ మడుగులో లంగరేసిన రాత్రి బోటు వెనక పెద్ద దీపాలు నీళ్లలోకి తిప్పారు. వెలుగుకి నలకంత జీవాలు మూగాయి, వాటి కోసం మాంటా రే చేపలు వచ్చాయి. మేం కింద ఇసుక మీద కూర్చుని చూస్తుంటే అవి మా తలల మీదుగా నోళ్లు తెరుచుకుని పల్టీలు కొట్టాయి. పైకొచ్చాక తెలిసింది, తమ్ముడు వెనక మెట్ల మీద కూర్చుని, కాళ్లు తడవకుండానే, మాకంటే ఎక్కువసేపు చూశాడని.

రోజులు గడిచేకొద్దీ నాకు మాత్రం ఒక ఇబ్బంది మొదలైంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లలోనే. నైట్రాక్స్ వాడాం. ఆక్సిజన్ 32 శాతం ఉండే గాలి, ఒంట్లో నైట్రోజన్ తక్కువ చేరుతుంది. అలసట కూడా తగ్గుతుందంటారు, ఏమో. రాత్రి లాగ్‌బుక్ తెరిస్తే తెల్లకొన సొర కనిపించింది పొద్దుటి గుట్ట దగ్గరా, మధ్యాహ్నపు గుట్ట దగ్గరా అన్నది తేలేది కాదు. మాయా తిలా రాత్రి డైవ్ ఒక్కటే చెక్కుచెదరకుండా గుర్తుంది. మా టార్చి వెలుగులోనే సొరలు, ట్రెవల్లీలు, పాముచేపలు కలిసి వేటాడాయి. మిగతావి ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. కుడారా తిలాలో ఆ పగులు ఎక్కడుందో మాత్రం ఇప్పుడు అడిగినా బొమ్మ గీసి చూపిస్తాను.

విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు డైవింగ్ మానాలి. ఆఖరి రోజంతా అలా పోతుంది, బోటైనా ఒడ్డైనా. మాలే చేపల మార్కెట్లో సూర చేపల్ని ముక్కలు కోసే చేతివేగం చూస్తూ గడిపాం. ఖర్చు లెక్క అక్కడే వేశాం. తమ్ముడి షీటులో లేనివి బోటులో చాలా తేలాయి: నైట్రాక్స్, సిబ్బందికి ఇవ్వాల్సిన బక్షీసు, ప్రభుత్వపు గ్రీన్ టాక్స్. ఆ పన్ను 2025 నుంచి రెట్టింపైంది. బోటులో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఊళ్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లో 6. అన్నీ కలిపినా డైవ్ ఒక్కంటికి బోటే చవక. వాడు చేసిన డైవ్‌లతో భాగిస్తే కాదు.

ఇప్పుడు మా మరదలు కూడా హేవ్‌లాక్‌లో కోర్సు పూర్తి చేసింది. "వదినా, నేను దేనికి వెళ్లాలి?" అని మొన్న ఫోను చేసింది. ముందు దిగురా అన్నాను. ఒకే గుట్టకి మళ్లీ వెళ్లాలంటే విసుగ్గా ఉందా, ఆత్రంగా ఉందా చూసుకో, విసుగైతే బోటెక్కు. చెవి, కడుపు, ప్రవాహంలో నిబ్బరం, ఈ మూడూ ఎలా ఉంటాయో కూడా ఒడ్డునే తెలిసిపోతుంది అని చెప్పాను. ఆమెకి సెలవు నవంబరులోనే. పక్కనుంచి తమ్ముడి గొంతు వినిపిస్తోంది, మూల రాకుండా గాలి తిరగదు, డిసెంబరు రెండో వారం దాకా ఆగమను అని. "ఆగితే నా సెలవు ఆగుతుందా?" అంది మరదలు. దక్షిణ ఆరిలో వేల్ షార్కులకి కార్తెలతో పని లేదు, ఏడాది పొడుగునా ఉంటాయి అన్నాను. ఆ రాత్రే నవంబరుకి టికెట్లు తీసుకుంది.